ఒంగోలులో తెల్ల బోర్డు కారు అద్దెకు తీసుకునేవాళ్ళు జాగ్రత్త

నిన్న రాత్రే కారు అప్పగించి వచ్చాం. ఒళ్ళు మండిపోతూనే ఉంది, మాట కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి. కారు అద్దెకిచ్చినాయన పేరు రాయను. వాట్సాప్ గ్రూపుల్లో సెల్ఫ్ డ్రైవ్ కార్ల ఫోటోలు పెడుతుంటాడు, చాలామందికి అర్థమయ్యే ఉంటుంది.

బెంగుళూరు నుంచి మా అమ్మాయి సెలవు మీద వచ్చింది. ధనుర్మాసం కదమ్మా, శ్రీశైలం వెళ్ళొద్దాం, బస్సు వద్దు నేనే తోలతాను అంది. రోజుకి 2,500, అడ్వాన్సు 5,000. ఫోటోలో చూపించిన కారు ఒకటి, వాకిట్లోకి వచ్చింది ఇంకొకటి, దానికి తెల్ల నంబరు ప్లేటు, అంటే అద్దెకి తిప్పేది కాదు, సొంత వాడకం బండి. ఇదేంటయ్యా అంటే "దారిలో ఎవరన్నా ఆపితే మా బాబాయి బండి అని చెప్పమనండి పాపని, ఏం కాదు మేడమ్" అన్నాడు. ఈ వయసులో నాకో కొత్త మరిది! నోట్లు లెక్కపెట్టుకుంటూ "మీరు మా అమ్మలాంటోళ్ళు" అని కూడా అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

తెల్లవారుజామున బయల్దేరాం. చీమకుర్తి దగ్గరికొచ్చేసరికి పొగమంచు కమ్మేసింది, ముందు ఏముందో కనపడదు. గ్రానైట్ రాళ్ళు వేసుకుని వెళ్ళే లారీలు, వాటిలో సగానికి వెనక లైట్లుండవు, దగ్గరికెళ్తేగానీ అక్కడ లారీ ఉందని తెలీదు. లోపల అద్దం మీద ఆవిరి పడుతోంది, ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పుదామంటే ఫ్యాను సౌండే తప్ప గాలి లేదు. వైపర్ తిప్పితే రబ్బరు ఊడి అద్దం మీద గీతలు. నేను తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నా, పాప కిటికీలు దించి చలిలో వణుకుతూ తోలింది. ఒక్క మాట విసుక్కోలేదు, ఆ ఓర్పు నాది కాదు, వాళ్ళ నాన్నది.

పొదిలి దాటాక ఎడమ వెనక టైరు ఢామ్మంది. పాప స్టీరింగు గట్టిగా పట్టుకుని, బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా పక్కకి దించింది. డిక్కీ తెరిస్తే జాకీ లేదు. స్టెప్నీ ఉంది, దాన్ని చేత్తో నొక్కితే లోపలికి పోతోంది.

ఫోన్ చేశాం, స్పీకర్ పెట్టాం. పాప చక్కగా, మర్యాదగా జరిగింది చెప్పింది. ఆయన మొదటి మాట "స్పీడుగా తోలుంటారు". మంచులో ముప్ఫై కూడా దాటలేదండీ అంది. "ఆడపిల్ల చేతికి బండి ఇస్తే ఇట్టాగే ఉంటది. ఇంట్లో మగోళ్ళెవరన్నా ఉంటే ఫోనియ్యండి, వాళ్ళతో మాట్లాడతా."

చీకటి, మంచు, రోడ్డు పక్కన ఇద్దరం ఆడవాళ్ళం, ఆయనకేమో మగోళ్ళు కావాలి! అడ్వాన్సు కట్టింది నేను, లైసెన్సు ఉంది పాపకి, డబ్బులు తీసుకునేటప్పుడు మగోళ్ళు గుర్తుకురాలేదే? మా ఆయన పోయినప్పటి నుంచి బ్యాంకులోనూ కరెంటాఫీసులోనూ వింటున్న మాటే ఇది, నాకు అలవాటే. నా పిల్ల కూడా వినాల్సి వచ్చిందే అని కడుపు రగిలిపోయింది. "మా అమ్మ ఇక్కడే ఉంది, కారు అద్దెకు తీసుకుంది ఆవిడే, ఆవిడతో మాట్లాడండి" అంది పాప. ఫోన్ కట్. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అమ్మలాంటోళ్ళమట!

పాల వ్యాను అబ్బాయి ఒకడు ఆగి, తన జాకీతో చక్రం విప్పి, పాపని నన్ను రెండు చక్రాలతో సహా పొదిలి పంక్చర్ షాపుకి తీసుకెళ్ళాడు. పగిలింది పనికిరాదు, స్టెప్నీకే పంక్చర్ వేసి గాలి పట్టాలి. షాపతను స్టెప్నీ పక్కన తడి గుడ్డతో తుడిచి చూపించాడు, డాట్ అని ఉన్న చోట చివర 2314. అంటే 2014లో 23వ వారం తయారీ. "మీ పాప హైస్కూల్లో ఉన్నప్పటి టైరమ్మా ఇది" అని నవ్వాడు. ఆ టైరుతోనే దోర్నాల ఘాట్ ఎక్కాం. దర్శనం బాగానే అయింది. దిగేటప్పుడు ఒక హెడ్‌లైటు వెలగలేదు, రాత్రి 9కి అడవి దారి గేటు మూసేస్తారన్న టెన్షన్ ఒకటి. పాప ముందు ఏదో లారీ వెలుగు పట్టుకుని దించింది.

కారు ఇచ్చేసినప్పుడు అడ్వాన్సులో టైరుకి 4,000, వాషింగ్‌కి 1,000 పట్టుకున్నాడు. లెక్క సరిపోయింది చూశారా! పొద్దున చూస్తే అదే కారుకి సంక్రాంతి ఆఫర్ అని స్టేటస్ పెట్టాడు, అందుకే ఇది రాస్తున్నా. పాప 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చింది, చూడాలి.

తీసుకునేవాళ్ళు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి, అద్దెకిచ్చి తోలుకోనిచ్చే బండికి ఉండాల్సింది అదే. తెల్ల బోర్డు బండికి ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేయొచ్చు. తాళం పుచ్చుకునే ముందు అయిదు టైర్ల మీద ఆ నాలుగంకెలు చూడండి, డిక్కీలో జాకీ, స్పానర్ ఉన్నాయో లేదో చూసి, బండి చుట్టూ తిరిగి ఆయన ముందే వీడియో తీయండి.