గీతోపదేశం రథం, ఊడిన చక్రం

సంక్రాంతి కొలువులో పెట్టడానికి విజయవాడలో ఒక బొమ్మల షాపులో కొండపల్లి గీతోపదేశం రథం కొన్నాను. 1,450 రూపాయలు. గుంటూరు దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

పనితనం చాలా బాగుంది. అసలైన తెల్ల పొణికి చెక్క, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. గుర్రాల మెడలు అతికిన చోట చింతగింజల మక్కు ఎంత నున్నగా పట్టించారంటే, గోటితో తడిమినా అతుకు దొరకదు. రంగు చేతికి అంటడం లేదు.

లోపం ఒకటే. ఐదో రోజు ఎడమ చక్రం ఇరుసు నుంచి ఊడింది. తొమ్మిదేళ్ళ మా మనవరాలు ఆ చక్రం పట్టుకొచ్చి, "తాతయ్యా, కర్ణుడికీ ఇలాగే అయింది కదా! చక్రం ఎత్తుకుంటున్నవాణ్ణి కొట్టొచ్చా?" అంది.

నేను 1970లో పట్టాళంలో చేరినవాణ్ణి. ఈ ప్రశ్న తప్పించుకోలేను. అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపిననాడు నీ ధర్మం ఎటుపోయిందని కృష్ణుడు కర్ణుణ్ణి అడిగాడు. కర్ణుడు ఆ గుంపులో ఉన్నవాడే కాబట్టి ఆ మాట నేను కాదనను. కానీ లెక్క అక్కడ ఆగలేదమ్మా అన్నాను. 13వ రోజు అభిమన్యుడు, 14వ రోజు కౌరవుల వైపు భూరిశ్రవుడు, 15న అబద్ధంతో ద్రోణుడు, 17న కర్ణుడు, 18న దుర్యోధనుడి తొడ. ప్రతివాడూ "ముందు తప్పింది వాళ్ళే" అన్నాడు. ఆ రాత్రి అశ్వత్థామా అదే అనుకుని నిద్రపోతున్న శిబిరం మీద పడ్డాడు. ద్రౌపది కొడుకులు ఐదుగురూ పోయారు.

1972లో నేను జబల్‌పూర్‌లో యుద్ధఖైదీల క్యాంపు కాపలాలో ఉన్నాను. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో మనకు దాదాపు 93,000 మంది చిక్కారు. మాతో ఉన్న ఒక నాయక్ (పట్టాళంలో చిన్న హోదా) తమ్ముణ్ణి చేతులెత్తాక కాల్చారని అతనికి కబురు. ఒకరోజు ఖైదీలకు వచ్చిన ఉత్తరాల కట్ట పొయ్యిలో వెయ్యబోయాడు. సుబేదార్ సాబ్ కట్ట లాక్కుని పైనున్న కార్డు అతని ముందు పెట్టారు. పెన్సిల్‌తో రాసిన చిన్నపిల్లల అక్షరాలు, ఒక్కోటీ వేలెడంత. "నీ తమ్ముణ్ణి కాల్చింది ఈ పిల్లాడా?" అన్నారు. నాయక్ అక్కడే కూలబడి ఏడ్చాడు. సాయంత్రం ఉత్తరాలు తనే పంచాడు. ఖైదీల మీద పగ తీర్చుకోకూడదని 1949 జెనీవా ఒప్పందంలోనే ఉంది. అవతలివాడు పాటిస్తేనే అనే షరతు దానికి లేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, కార్డు ముందు చూశాను.

చక్రం పట్టుకుని షాపుకు వెళితే "మీరే పడేసుంటారు" అన్నాడు యజమాని. మేం పడెయ్యలేదు. నాకు చాలా బాధేసింది. "రంగు పోతోందనీ, చెక్క నకిలీదనీ రాయండి నాన్నా, అప్పుడు తెలుస్తుంది వాడికి" అన్నాడు మా అబ్బాయి. అలా రాస్తే దెబ్బ తగిలేది కొండపల్లిలో కూర్చుని ఈ గుర్రాలు చెక్కినాయనకు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.

బొమ్మకు నాలుగు నక్షత్రాలు, షాపతని మాటతీరుకు ఒకటి. కొనేవాళ్ళు డబ్బు కట్టేముందు చక్రాలు రెండూ తిప్పి చూసుకోండి. మాది నేనే అతికించాను, తిరుగుతోంది.