బోవా పాము పిల్లకు తిండి: వారానికోసారా, పదిహేను రోజులకోసారా?

"అన్నా, వారం వారం పెడ్తున్న. అయినా ఇంకా సన్నగనే ఉన్నదేంది?" హన్మకొండ, కాజీపేట పోరగాళ్లు ఇంట్లో పెంచుకునే విదేశీ పాము బోవా పిల్ల గురించి అడిగేది ఎప్పుడూ ఇదే. సన్నగా ఉంటేనే మంచిదంటే నమ్మరు.

వారానికోసారి పెడితే లాభం లేకపోలేదు. పాము గబగబా పొడుగవుతుంది, చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. పైథాన్లు (కొండచిలువలు) పెంచినవాళ్లు ఈ లెక్కే చెప్తారు, వాటికి చెల్లుతుంది కూడా. బోవాకు అరుగుదల నెమ్మది. అడుగున్నర పొడవుతో పుట్టిన పిల్ల ఏడాదికి మూడడుగులైతే చాలు. ఇరవై, ముప్పై ఏళ్లు బతికే జీవికి తొందరేముంది? అతిగా పెడితే కాలేయానికి కొవ్వు పడుతుంది. అది పైకి కనబడదు. కనబడేదల్లా గుండ్రంగా ఉబ్బిన ఒళ్లు, పొలుసుల సందుల్లోంచి తొంగిచూసే చర్మం, తోక మొదట్లో మడతలు. ఆరోగ్యంగా ఉన్న బోవా ఒళ్లు పూర్తి గుండ్రంగా కాక, కాస్త నలుపలకగా ఉంటుంది.

నేను మాత్రం పది నుంచి పద్నాలుగు రోజులకోసారే అంటాను. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. కొవ్వు సంగతి అటుంచితే, మన ఊళ్లో అసలు తేల్చేది వేడి. తిన్నది అరగాలంటే పెట్టెలో ఒక మూల 31, 32 డిగ్రీలు, రెండో మూల 26, 27 ఉండాలి. జనవరి రాత్రి కరెంటు పోతే పెట్టెను వెచ్చగా ఉంచే కరెంటు పలక, హీట్ మ్యాట్, చల్లబడుతుంది, కడుపులో ఎలుక అరగక కుళ్లుతుంది, పాము కక్కేస్తుంది. మే నెలలో బయట 43, 44 కొడుతుంటే గదిలో 35 దాటుతుంది, అదీ ముప్పే. అలాంటి రోజుల్లో తిండి వాయిదా వేయండి. కూలర్ గాలి నేరుగా తగలనీయొద్దు, తేమ మాత్రం పాముకు పనికొస్తుంది. వారం లెక్కలో కడుపు ఖాళీగా ఉండే రోజులు తక్కువ, కరెంటు ఎప్పుడు పోయినా లోపల ఏదో ఒకటి ఉంటుంది. రెండు వారాల లెక్కలో ఆ చిక్కు సగం తగ్గుతుంది. ఒకసారి కక్కిందంటే కనీసం రెండు వారాలు ఆగి, సగం సైజు ఎలుకతో మళ్లీ మొదలుపెట్టాలి. తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోవద్దు.

బతికిన ఎలుకా, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన చచ్చిన ఎలుకా అంటే ఫ్రీజర్‌దే. బతికిన ఎలుక పామును కొరుకుతుంది. ఫ్రిజ్‌లో కరగనిచ్చి, కవర్లో పెట్టి వేడి నీళ్లలో ఉంచి, పొడవాటి పటకారుతో అందించండి. కోడిపిల్లలు అప్పుడప్పుడైతే ఫర్వాలేదు, అంతే. ఎనుమాముల మార్కెట్ గోదాముల్లో పట్టిన ఎలుకలు ఊరికే వస్తాయని ఆశపడొద్దు, ఏ మందు తిని ఉంటాయో తెలీదు.

ఇంకొకటి. ఇంట్లో బోవా ఉందంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సిందే. దుకాణంవాడు "అవసరం లేదన్నా" అంటే ఆ పాము కొనకండి.