లైబ్రరీ సైన్స్ పీజీ: 14 ఏళ్లు వాడి చూశాక

2009లో బి.ఎల్.ఐ.ఎస్సీ. (గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ), మరుసటి ఏడాది అందులోనే పీజీ అయిన ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చేశాను. ఒక డిగ్రీ కాలేజీ గ్రంథాలయంలో చేరి 14 ఏళ్లు దాటింది. ఏటా ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ చదువు ఎలా ఉంటుందని అడుగుతూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. డిగ్రీ తర్వాత ఏం చేయాలో తోచనివాళ్లు కొందరు, పుస్తకాలంటే ప్రాణమనేవాళ్లు కొందరు. రెండో రకం వాళ్లకు ముందే చెబుతున్నాను: ఈ ఉద్యోగంలో పుస్తకం చదివే తీరిక దొరకదు. అట్టలు మాత్రం బాగా చదువుతాం.

మా తరగతి మొత్తం తిట్టుకున్న పేపరు వర్గీకరణ సిద్ధాంతం, అంటే పుస్తకాలను విషయాన్ని బట్టి విడదీసి సంఖ్యలు వేసే విద్య. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ పద్ధతి ప్రకారం ఏ విషయాన్నైనా వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అని ఐదుగా విడగొట్టి చూడాలి. ఆ కామాలూ సెమికోలన్‌లూ వేసుకుంటూ సంఖ్య కట్టడం రాత్రి పూట కలలోకి కూడా వచ్చేది. తీరా ఉద్యోగంలో చేరితే ఆ సంఖ్యలతో పనే లేదు, అంతా డ్యూయీ అనే మరో వర్గీకరణ పద్ధతే. దండగ చదువు అనుకున్నాను.

చేరిన రెండో ఏడాది ఒక అమ్మాయి వచ్చి "మేడమ్, పత్తి మీద పుస్తకం కావాలి" అంది. పంటా, బట్టా? పంటయితే తెగుళ్ల సంగతా, రైతు సంగతా? ఏ ప్రాంతం? ఏ కాలం? నాలుగు ప్రశ్నలయ్యేసరికి ఆమె వెతుకుతున్నది 1990ల చివర్లో వరంగల్ ప్రాంతపు పత్తి రైతుల ఆత్మహత్యల గురించి అని తేలింది. వ్యవసాయం బీరువా దగ్గరకు పంపి ఉంటే ఎరువుల పుస్తకాలు తిరగేసి వెళ్లిపోయేది. నేను అడిగినవన్నీ ఆ తిట్టుకున్న పేపరులోవేనని ఆమె వెళ్లాక గానీ తట్టలేదు. ఇప్పటికీ రోజూ వాడే చదువు అదొక్కటే.

గొప్పగా చెప్పుకున్న కంప్యూటర్ పేపరు సంగతి వేరు. యునెస్కో ఉచితంగా ఇచ్చిన విన్ఐసిస్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ మీద నెలల తరబడి సాధన చేశాం. ఉద్యోగంలో దాని పేరెత్తినవాళ్లు లేరు. ముందు యూజీసీ గ్రంథాలయ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ సాఫ్ట్‌వేర్, తర్వాత కోహా. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయం కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. కానుకే గానీ, లినక్స్ ముందు కూర్చుని దాన్ని విప్పుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. ప్రయోగ తరగతిలో మాకిచ్చిన డ్యూయీ 1979 నాటి 19వ కూర్పు. అందులో కంప్యూటర్ పుస్తకాలకు 001.64 వేసేవాళ్లం. కాలేజీకొస్తే అవన్నీ ఎప్పుడో 004, 005, 006కు మారిపోయి ఉన్నాయి. మొదటి వారంలోనే అటెండరు పెద్దాయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని సరైన అరలో పెట్టారు. ఆయన చదివింది పదో తరగతి.

తెలుగు పుస్తకాల గురించి ఎవరూ నేర్పలేదు. డ్యూయీలో ఆంగ్ల సాహిత్యానికి 820 ఉంటే మన సాహిత్యం 894.827. మా గ్రంథాలయంలో సగం అరలు ఆ ఒక్క సంఖ్య కిందే, పల్చని కవితా సంపుటాల వెన్ను మీద లేబుల్ పట్టదు. పేర్ల దగ్గర ఇంకో తలనొప్పి. సాఫ్ట్‌వేర్‌కు చివరి మాటే ఇంటిపేరు. "అప్పారావు, గురజాడ" అని ఎక్కించేస్తుంది. ఏ పాఠకుడు అప్పారావు అని వెతుకుతాడు?

ఉద్యోగాల గురించి క్లుప్తంగా. కాలేజీ లైబ్రేరియన్ కావాలంటే పీజీలో 55 శాతం, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) ఉండాలి. పీజీ చదువుతున్న ఏడాదే నెట్ రాయండి, తర్వాత తీరదు. దూరవిద్యలో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి; పట్టా విలువ తగ్గదు గానీ వర్గీకరణ సాధన ఇంట్లో కూర్చుంటే రాదు, దగ్గర్లో ఏదైనా గ్రంథాలయంలో పని అడిగి చేయండి. నేను మొదటి మూడేళ్లు కాంట్రాక్టు మీద 12,000కు చేశాను.

ఆర్కైవ్స్ (పాత దస్త్రాలు భద్రపరిచే చోటు) వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. 2017లో కాలేజీ పాత భవనం ఖాళీ చేస్తూ రెండు బీరువాల కాగితాలు నాకు అప్పగించారు. వ్యవస్థాపకుల ఉత్తరాలు, విరాళాల రసీదులు, కమిటీ మినిట్స్ (సమావేశాల్లో ఏం జరిగిందో రాసిన కాగితాలు), ఫోటోలు. "లైబ్రరీ సైన్స్ చదివారు కదా, మీకు తెలియనిదేముంది" అన్నారు ప్రిన్సిపల్ గారు. నిజమే అనుకున్నాను. సెలవుల్లో నెల రోజులు కూర్చుని ఫైళ్ల ట్యాగులు విప్పి కాగితాలన్నిటినీ విషయాల వారీగా సర్దాను. భూమి ఒకచోట, విరాళాలు ఒకచోట, సిబ్బంది ఒకచోట. చిరిగినవాటికి సెల్లోటేపు అంటించాను.

మరుసటి ఏడాది రికార్డుల నిర్వహణ మీద వారం రోజుల శిక్షణకు వెళ్లి, నేను సర్దిన కాగితాలను ఫోటోలు తీసినవి గర్వంగా చూపించాను. బోధకుడు ఒక ఉత్తరాన్ని పెద్దది చేసి చూసి, "ఇది ఏ ఫైలులో, దేని వెనక ఉండేదమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పుస్తకం ఒంటరిగా నిలబడుతుంది, కాగితం నిలబడదు. ఎవరి దగ్గర పుట్టింది, ఏ వరుసలో చేరింది అన్నదే దానికి అర్థం. దాత ఒకాయన డబ్బు వెనక్కి అడిగిన ఉత్తరం ఉంది; ఎందుకు అడిగాడో దాని పక్కనే ఉన్న మినిట్స్ కాగితం చెప్పేది. నేనే విడదీశాను. రెండేళ్ల చదువులో ఈ సంగతి ఒక యూనిట్‌లో సగం. మిగతా సగం చెదలు, నాఫ్తలీన్ ఉండలు. టేపు అప్పటికే గోధుమరంగుకు తిరిగి అక్షరాలను మింగడం మొదలుపెట్టింది. మైదా జిగురుతో పల్చని టిష్యూ కాగితం అతికించాలని అక్కడే తెలిసింది.

కాబట్టి ఈ పీజీ ఒక్కటే పెట్టుకుని ఆర్కైవిస్టు అవుదామనుకోకండి. ఢిల్లీలో జాతీయ ఆర్కైవ్స్ వారి ఏడాది డిప్లొమా ఉంది, అది చూడండి. హైదరాబాద్‌లోనే ఉండాలంటే భాష నేర్చుకోండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలపు ఫార్సీ పత్రాలు, నిజాం కాలపు ఉర్దూ దస్త్రాలు ఉన్నాయి. అవి చదవడం రాకపోతే పట్టా ఉండి కూడా పెట్టెలు తుడవడమే.

మా కాగితాలను వెనక్కి కలుపుతూనే ఉన్నాను. ఇన్‌వర్డ్ నంబర్లు (ఆఫీసుకు వచ్చిన ఉత్తరాల మీద వేసే వరుస సంఖ్యలు) కొంత దారి చూపాయి. గుండుసూదుల తుప్పు మరకలు ఇంకా బాగా చూపాయి: రెండు కాగితాల మీద మరక ఒకేచోట ఉంటే అవి ఒకప్పుడు జంట. ఇంకా 40కి పైగా ఉత్తరాలు ఎక్కడివో తేలక నా బల్ల సొరుగులో ఉన్నాయి. వాటిలో ఒకదానికి మూడు రంధ్రాలు ఉన్నాయి. మా ఫైళ్లన్నిటికీ రెండే.