భీమవరంలో పాత పాటల కచేరీ: పాడినవాళ్లకి దండం, సౌండ్ వాళ్లతోనే గొడవ

పాత పాటల ఆర్కెస్ట్రాకి వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, ముందు వరస టిక్కెట్టు కొనకండి. మేం మనిషికి 1,000 రూపాయలు పోసి రెండో వరసలో కూర్చున్నాం. సరిగ్గా మా ఎదురుగా మనిషెత్తు స్పీకర్లు. బేస్ గిటార్ గుండెల మీద గుద్దుతోంది. ఫ్లూటు ఆయన ఊదడం కనిపిస్తోందే గానీ చెవికి చేరదు. పిన్ని చెవుల్లో దూది పెట్టుకుంది. కాసేపటికి నేనూ తమ్ముడూ లేచి, వెనకాల మిక్సర్ బల్ల పక్కకి వెళ్లి నిలబడితే ప్రతి వాద్యమూ విడివిడిగా వినిపించింది. ఆపరేటరు తన చెవికి తగ్గట్టే కదా సరిచేసుకునేది! ఆ చుట్టూ ఉన్న కుర్చీలు 300 రూపాయలవి.

విజయవాడ నుంచి ప్రయాణం, మావుళ్లమ్మ దర్శనం ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. చిరాకంతా లాడ్జి దగ్గర మొదలైంది. ఫోన్లో గది 1,800 అన్నారు, 500 అడ్వాన్సు వేయించుకున్నారు. తీరా కౌంటరు దగ్గరకి వెళ్తే 3,200 అట.

"ఫోన్లో చెప్పిన మాట ఏమైంది బాబూ?" అన్నారు నాన్న.

"ఉత్సవాల రేటండి. ఓనరుగారు మార్చేశారండి. ఇష్టమైతేనే దిగండి."

అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాడు. సామాన్లతో ఆ సాయంత్రం ఎక్కడికి పోతాం? దిగాం. గీజరు పనిచెయ్యదు, బకెట్ వేడినీళ్లకి 40 రూపాయలు వేరే. కిటికీకి జాలీ లేదు, ఒకటే దోమలు. నాన్న కచేరీ మాటే ఎత్తడం మానేశారు. ఘంటసాల అంటే ప్రాణం పెట్టే మనిషిని అలా చూస్తే నాకు నిజంగా కడుపు మండింది.

కచేరీ ఆరింటికన్నారు, ఏడున్నర దాటాక మొదలైంది. అప్పటిదాకా ప్రసంగాలు, శాలువాలు. ఆ సమయమంతా తబలా ఆయన మాత్రం చిన్న సుత్తితో అంచు చుట్టూ తడుతూ, తల వంచి చెవి ఆనించి వింటూ, మళ్లీ తడుతూ శ్రుతి సరిచూసుకుంటూనే ఉన్నారు.

ఆ శ్రద్ధకి ఫలితం 'శివశంకరీ'లో తెలిసింది. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లో పాట, పెండ్యాల కట్టిన బాణీ. స్వరాలు జోరందుకునే చోట గాయకుడు ఎక్కడా తప్పించుకోలేదు, తబలా ఆయన ఆయన్ని ఒక్క క్షణం వదల్లేదు. నాన్న కళ్లు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తున్నారు. పాట అయ్యాక నా వైపు తిరిగి, "వెయ్యి రూపాయలూ దీనికే చెల్లిపోయాయమ్మా" అన్నారు. సుశీల పాటలు పాడిన అమ్మాయి కూడా గమకాలు మింగకుండా, కాగితం చూడకుండా పాడింది.

ఘంటసాల 1974లో పోయారు, బాలు 2020లో. ఇప్పుడు ఎవరు పాడినా జనం మనసులో ఉన్న రికార్డుతోనే పోల్చుకుంటారు. పల్లవికి ముందొచ్చే బిట్ కూడా అందరికీ కంఠతా వచ్చు. అలాంటిచోట మాండొలిన్‌ని కీబోర్డు మీద వాయిస్తే ఎలా ఒప్పుకుంటాం? వయొలిన్లు రెండే అయినా పాటకి ప్రాణం పోశాయి, ఒక మాండొలిన్ పిలిపించలేకపోయారా?

రెండో సగం అన్యాయం. వాద్యకారులంతా వేదిక మీదే ఉండగా, ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టి పాడించారు. బాలు పాటలన్నీ మెడ్లీ చేసి పల్లవి దాటకుండా తుంచేశారు. చరణం రాబోతుంటే ఇంకో పాట! పైగా "మీరు పాడండి" అంటూ మైకు జనం వైపు చాపడం. మేం డబ్బిచ్చింది వినడానికి. నాన్న మెడ్లీ మధ్యలోనే "లేవండి, పోదాం" అన్నారు. పిన్ని మాత్రం సుశీల పాట ఇంకోటి ఉందేమోనని చివరిదాకా కదల్లేదు. ఆమె ఆశపడ్డ పాట వచ్చింది కూడా, రెండు చరణాలతో సహా.

మర్నాడు పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా కోనసీమలోకి. అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకు బుట్టని పుల్లలు తీసి విప్పితే, ఆకు ఈనెలు అచ్చుపడి, వేడిగా పొగలు కక్కుతోంది ఇడ్లీ. ప్లేటు 40 రూపాయలు. కొసరి కొసరి అల్లం పచ్చడి వడ్డించారు, నాన్న రెండో ప్లేటు అడిగారు.

ఈ బృందం మళ్లీ ఎక్కడ వాయించినా వెళ్తాం, 300 కుర్చీల్లోనే, మొదటి సగానికే. బస మాత్రం పాలకొల్లులో చూసుకుంటాం, అదీ రేటు వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు.