స్కెలిటర్ కొనాలంటే ఏది మేలు: 1982 నాటిదా, క్లాసిక్సా, ఆరిజిన్సా?

మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్ బొమ్మల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. హీ-మ్యాన్‌కు ప్రతినాయకుడైన చిన్ననాటి స్కెలిటర్‌ను మళ్ళీ ఇంటికి తెచ్చుకోవాలంటే మ్యాటెల్ సంస్థ 1982లో విడుదల చేసిన అసలు బొమ్మ కోసం వెతకాలా, 2009లో వచ్చిన క్లాసిక్స్ శ్రేణి బొమ్మను తీసుకోవాలా, లేక 2020 నుంచి దుకాణాల్లోకి వచ్చిన ఆరిజిన్స్ శ్రేణి బొమ్మ చాలునా అన్నదే ఆ ప్రశ్న. 1980ల చివర దూరదర్శన్‌లో హీ-మ్యాన్ కార్టూన్ చూస్తూ, లియో పేరుతో మన దేశంలోనే తయారైన బొమ్మలతో ఆడుకున్నవారే వీరిలో ఎక్కువమంది. నేనూ ఇటీవల ఈ మూడింటి మధ్య ఎంచుకోవలసి వచ్చింది కనుక, నా నిర్ణయాన్ని కారణాలతో సహా ఇక్కడ చెబుతున్నాను.

అందరూ ముందుగా పోల్చేది ముఖాన్ని. నీలి ఒంటి మీద పసుపు, ఆకుపచ్చ కలిసిన పుర్రె, దాని చుట్టూ ఊదారంగు ముసుగు: ఈ రూపం మూడింటిలోనూ ఉంది. అచ్చు పనిలోని నైపుణ్యమే కొలమానమైతే క్లాసిక్స్‌ను మించినది లేదు. ఫోర్ హార్స్‌మెన్ బృందం మలచిన ఆ పుర్రెలో ఎముకల ఎత్తుపల్లాలు, దంతాల వరుస, కళ్ళగుంటల లోతు స్పష్టంగా తెలుస్తాయి. అసలు బొమ్మ ఎత్తు దాదాపు ఐదున్నర అంగుళాలు కాగా ఇది ఏడు అంగుళాల శ్రేణిలోనిది. మోచేతులు, మోకాళ్ళు, మడమలు అన్నీ వంగుతాయి కనుక ఏ భంగిమలోనైనా నిలబెట్టవచ్చు. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవాలనుకునేవారు ఇంకేమీ ఆలోచించకుండా దీన్నే తీసుకోవచ్చు.

నా దృష్టిలో మాత్రం ఈ విషయాన్ని తేల్చేది ముఖమూ కాదు, కీళ్ళ సంఖ్యా కాదు, నడుము. 1982 నాటి బొమ్మ నడుములో ఒక స్ప్రింగు ఉంది. మొండేన్ని ఒక పక్కకు తిప్పి పట్టుకుని వదిలితే అది విసురుగా వెనక్కు తిరిగి, చాచిన చేతితో ఎదురుగా ఉన్న బొమ్మను కొడుతుంది. హీ-మ్యాన్‌కు ఎంత విసురు ఉందో స్కెలిటర్‌కూ అంతే ఉంది, ఎందుకంటే ఇద్దరి నడుములోనూ ఉన్నది ఒకే ఏర్పాటు. కార్టూన్‌లో స్కెలిటర్ ప్రతి వారం ఓడిపోయి, తన అనుచరులను తిట్టుకుంటూ తన స్థావరమైన స్నేక్ మౌంటెన్‌కు తిరిగి వెళ్ళవలసిందే. బొమ్మల ఆటలో అలాంటి నియమం లేదు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకేసారి వదిలితే ఎవరు పడిపోతారో ఆడేవారికి కూడా ముందుగా తెలియదు, స్కెలిటర్ గెలిచే రోజులూ ఉంటాయి. ప్రతినాయకుడి బొమ్మ నాయకుడితో సమానమైన బలంతో చేతికి అందడమే ఈ బొమ్మల అసలు గొప్పతనమని నేను నమ్ముతాను.

ఆయుధాల వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. స్కెలిటర్ చేతిలో పొట్టేలు పుర్రె తల ఉన్న దండంతో పాటు సగం కత్తి ఒకటి ఉంటుంది, రెండో సగం హీ-మ్యాన్ దగ్గర ఉంటుంది. తొలి బొమ్మలతో పాటు వచ్చిన చిన్న కథల పుస్తకాల ప్రకారం, ఆ రెండు సగాలు ఎవరి చేతిలో కలిస్తే కాజిల్ గ్రేస్కల్ అనే కోట తలుపులు వారికే తెరుచుకుంటాయి. ఆ కథల్లో స్కెలిటర్ వేరే లోకం నుంచి వచ్చి పడిన భయంకరుడు. 1983లో మొదలైన కార్టూన్‌లోని కీచుగొంతు వాచాలుడు కాదు. అసలు బొమ్మకు ఇచ్చిన సగం కత్తి ఒక పక్క చదునుగా ఉండి రెండో సగంతో జత కలుస్తుంది కనుక, చేతిలో ఉన్న ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కే పోరాటానికి కారణాన్ని సమకూరుస్తుంది.

ఇక ఆరిజిన్స్. పాత బొమ్మ ఎత్తునూ, కొలతలనూ దాదాపు యథాతథంగా ఉంచి, దానికి పదహారు కీళ్ళు అమర్చారు. తల, చేతులు, నడుము, కాళ్ళు వేటికవి చేత్తోనే విడదీసి మళ్ళీ బిగించవచ్చు, ఒక బొమ్మ భాగాలను మరో బొమ్మకు తగిలించవచ్చు. పాత బొమ్మల్లో కాళ్ళను లోపల పట్టి ఉంచే రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ సాగిపోయి కాళ్ళు వేలాడతాయి, ఆరిజిన్స్‌కు ఆ బెడద లేదు. పిల్లల చేతికి ఇవ్వడానికి, భయం లేకుండా ఆడుకోవడానికి ఇదే సరైనది, ఈ మాట నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కాని దీని నడుములో స్ప్రింగు లేదు. తిప్పితే తిరుగుతుంది, వదిలితే తిప్పినచోటనే ఆగిపోతుంది. చూడటానికి అదే బొమ్మ, అదే ముసుగు, అదే దండం; దెబ్బ మాత్రం మన చేయి కొట్టవలసిందే. మిగిలినదంతా అంత శ్రద్ధగా చేసినవారు ఈ ఒక్కదాన్ని వదిలివేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

తక్కినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. 1984 నాటి బ్యాటిల్ ఆర్మర్ స్కెలిటర్ ఛాతీ మీద కొడితే కవచం లోపలి భాగం తిరిగి ఒక గాటు, మళ్ళీ కొడితే రెండు గాట్లు కనిపిస్తాయి. పోరాటాన్ని ఇష్టపడేవారికి అసలు బొమ్మ తరువాత నేను సిఫారసు చేసేది ఇదే. వీపు మీది డ్రాగన్‌తో నీళ్ళు చిమ్మించే 1985 నాటి డ్రాగన్ బ్లాస్టర్, 1986 నాటి టెర్రర్ క్లాజ్ స్కెలిటర్‌లు సరదా బొమ్మలే తప్ప మొదటి స్కెలిటర్‌గా కొనదగినవి కావు. 2002 శ్రేణిలోనిది, 2021లో మొదలైన మాస్టర్‌వర్స్ శ్రేణిలోనిది ఆయా కార్టూన్లను ఇష్టపడినవారికే.

అందువల్ల నేను 1982 నాటి దాన్నే ఎంచుకున్నాను. మీరూ అదే దారిలో వెళితే కొన్ని జాగ్రత్తలు అవసరం. వీపు మీద 1981 అని అచ్చు వేసి ఉంటే కంగారు పడనక్కరలేదు, అది హక్కులు నమోదైన సంవత్సరమే తప్ప బొమ్మ అమ్మకానికి వచ్చిన సంవత్సరం కాదు. ఊదారంగు కత్తికీ, దండానికీ కొత్తగా పోసిన నకళ్ళు విరివిగా దొరుకుతున్నాయి కనుక, వాటిని దగ్గరగా తీసిన ఫోటోలు పంపమని అమ్మేవారిని అడగండి. కాళ్ళు వదులుగా ఉన్నా ఓపిక ఉన్నవారు లోపలి రబ్బరు మార్చుకోగలరు కనుక ధర తగ్గించమని అడగడానికి అది మంచి ఆధారం. నడుము విషయంలో మాత్రం రాజీ పడవద్దు: మొండేన్ని తిప్పి వదిలినప్పుడు అది దానంతట అదే వెనక్కు తిరుగుతున్నట్టు చూపే వీడియో పంపిన తరువాతే డబ్బు చెల్లించండి.