రాత్రి 9:40 ఫ్లైటు, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచింది

ముందే చెప్తున్నా, నేను 31 ఏళ్లు ఆర్టీసీ స్టీరింగ్ పట్టి నల్గొండలో రిటైరైన మనిషిని. కాబట్టి పైలట్లను ఒక్క మాట అనను. విమాన కంపెనీని మాత్రం వదలను.

పుణెలో ఉన్న బిడ్డ దగ్గరికి శంషాబాద్ నుంచి ఫ్లైటు. నార్కట్‌పల్లి మీదుగా పోయి ఏడున్నరకల్లా లోపల కూర్చున్నాం. తొమ్మిదిన్నరకు బోర్డు మీద 10:40 అని పడింది. తర్వాత 11:50. ఆ తర్వాత ఒంటిగంట. ఎవరిని అడిగినా "ఆపరేషనల్ రీజన్స్" అనే ఒకటే పాట. మా ఆవిడ సకినాల డబ్బా తీసి కౌంటర్లో పిల్లకు నాలుగు పెడితే, అటు తిరిగి గబగబా నమిలి, అప్పుడు అసలు సంగతి చెప్పింది: "కెప్టెన్ డ్యూటీ టైమ్ అయిపోయింది అంకుల్. వేరేవాళ్లు రావాలి."

పక్కన ఒకాయన లేచి, "గంట ప్రయాణానికి ఇంత రాద్ధాంతమా, ఓటీ ఇచ్చి నడిపించండి" అని అరిచాడు. నాకు నవ్వొచ్చింది. పైలట్లకూ ఓటీ ఉంటుంది. నెలకు ఇన్ని గంటలని ఖాయమైన జీతం, ఆపైన ఎగిరిన ప్రతి గంటకూ వేరే లెక్క. కానీ 28 రోజుల్లో 100 గంటలు, ఏడాదిలో 1000 గంటలు దాటితే ఎంత డబ్బిచ్చినా సీట్లో కూర్చోనివ్వరు. మమ్మల్ని అట్లా ఎవరు ఆపారు? పిల్లల ఫీజుల కోసం డబుల్ డ్యూటీ నేనే అడిగి తీసుకునేవాణ్ని. ఒకసారి చిట్యాల దాటాక తెల్లవారుజామున రెప్ప పడింది. ఎదురుగా లారీవాడు హారన్ కొట్టకపోతే, ఈ రివ్యూ రాసేవాడు ఉండేవాడు కాదు.

ఇప్పుడు పైలట్ల వారం రెస్టు 36 నుంచి 48 గంటలు చేశారని అల్లుడు చెప్పాడు. మంచిదే. అయితే మనుషులు ఎక్కువ కావాలి కదా. లైసెన్సుకే 200 గంటలు ఎగరాలి, ఆపైన నడపబోయే రకం విమానానికి వేరే ట్రైనింగ్. ఇవాళ ప్రకటన వేస్తే రేపు దొరికే సరుకు కాదు. మా డిపోలో చార్ట్ వేసేటప్పుడే స్పేర్ డ్రైవర్‌ను కూర్చోబెట్టేవాళ్లు. వీళ్లకు ఆ పాటి ఆలోచన లేదా?

రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య పోవాల్సిన ఫ్లైటు ఆరు గంటలకు మించి లేటైతే హోటల్ ఇవ్వాలని విమానాల మీద అజమాయిషీ చేసే సర్కారు సంస్థ డీజీసీఏ రూల్. గంట గంటకూ జరుపుకుంటూ పోయి ఆ ముచ్చటే ఎత్తలేదు. ఇచ్చింది ఒక శాండ్‌విచ్, ఒక జ్యూస్ డబ్బా.

నాలుగింటికి ఇద్దరు పైలట్లు బ్యాగులు లాక్కుంటూ వచ్చారు. ఒకాయన తల ఇంకా తడిగానే ఉంది. జనం గొణిగారు, నేను లేచి నమస్కారం పెట్టాను.

5కి 2. ఆ రెండూ వాళ్లిద్దరికే.