నికాన్ 300 ఎంఎం పీఎఫ్: రిటైరయ్యాక నా భుజం మీదికెక్కిన లెన్స్

పక్షుల ఫొటోలకి ఏ లెన్స్ కొనమంటారని రిటైరైన మిత్రులు అడిగితే, ముందు మీ మెడ, భుజం ఎలా ఉన్నాయో చెప్పండి అంటాను. నికాన్ 300 ఎంఎం ఎఫ్/4 పీఎఫ్ లెన్స్‌ని డీ500 కెమెరాకి తగిలించి చెన్నైలోనూ చుట్టుపక్కలా ఏళ్ల తరబడి తిప్పుతున్నాను. దాని మంచీ చెడూ బాగా తెలిశాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

2015లో వచ్చిన ఈ లెన్స్ బరువు 755 గ్రాములు. దీని ముందు తరం 300 ఎఫ్/4 దాదాపు కిలోన్నర ఉండేది. ఉద్యోగంలో ఉండగా నేను మోసిన 200-500 జూమ్ అయితే ట్రైపాడ్‌కి బిగించే కాలర్‌తో కలిపి 2.3 కిలోలు. అప్పట్లో సెలవు దొరికితేనే బయటికి వెళ్లేవాణ్ణి, బరువు పెద్దగా తెలిసేది కాదు. రిటైరయ్యాక రోజూ తీరికే. కానీ ఈలోగా మెడ పట్టేయడం మొదలైంది, బరువులు తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పారు. ఈ లెన్స్ రాకపోతే పక్షుల ఫొటోలు నా జీవితంలోంచి వెళ్లిపోయేవే.

ఇంత తేలిక ఎలా అయిందంటే, ఇందులో ఫేజ్ ఫ్రెనెల్ (పేరులోని పీఎఫ్ ఇదే) అనే గాజు ఒకటుంది. దాని మీద ఒకదాని లోపల ఒకటిగా సన్నని వలయాలు ఉంటాయి. మామూలు గాజు రంగుల్ని ఒక వైపు విడదీస్తే, ఈ వలయాలు అందుకు ఎదురు వైపు విడదీస్తాయి. రెండూ కలిసి అంచుల్లో కనిపించే రంగు మరకల్ని చెరిపేస్తాయి. దాంతో బరువైన గాజులు తక్కువ సరిపోతాయి, లెన్స్ పొడవూ తగ్గుతుంది. అందుకే ఇది మామూలు చేతిసంచిలో పట్టేస్తుంది.

ఆ వలయాలతోనే ఒక చిక్కు కూడా ఉంది. ఫ్రేములో సూర్యుడో బలమైన దీపమో ఉంటే దాని చుట్టూ రంగుల ఉంగరంలాంటి మెరుపు పడుతుంది. పులికాట్ నీళ్ల మీద పొద్దు పొడిచేటప్పుడు ఫ్లెమింగోల వెనక సూర్యుణ్ణి పెట్టి తీయాలనుకుంటే ఇది తగిన లెన్స్ కాదు. ఆ మెరుపు తగ్గించే సదుపాయం నికాన్ తన సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చింది. కొంత పనిచేస్తుంది గానీ పూర్తిగా పోగొట్టదు. ఎండకి ఎదురుగా కొమ్మల్లో కూర్చున్న పిట్టని తీసినా వెనకాల ఆకుల మధ్య వెలుగు చుక్కలు కొంచెం గరుకుగా వస్తాయి. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుంటే మాత్రం ఈకకి ఈక విడిగా కనిపిస్తుంది.

దీని అసలు విలువ నాకు నేలపట్టు పక్షుల కేంద్రంలో తెలిసింది. చెన్నై నుంచి లోకల్ రైల్లో సూళ్లూరుపేట దాకా వెళ్లి, అక్కడి నుంచి దొరవారిసత్రం వైపు పోతాం. ట్రైపాడ్ లేదు, పెద్ద బ్యాగు లేదు, రైల్లో జనం మధ్య ఇబ్బంది లేదు. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. తల్లి నోరు తెరిస్తే పిల్ల తన తల మొత్తం ఆ సంచిలోకి దూర్చేసి చేపలు తింటుంది. తల్లి మెడ ఊగిపోతూ ఉంటుంది. ఆ క్షణం కోసం కెమెరాని కంటి దగ్గర పెట్టుకుని ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. జూమ్‌తో చేతులు వణికేవి. దీంతో ఆ బాధ లేదు. డీ500 సెన్సార్ చిన్నది కాబట్టి 300 కాస్తా 450 అంత దూరం చూపిస్తుంది.

అయినా దూరపు గూళ్లకి అది చాలదు, ఈ మాట దాచను. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య 1.4 కన్వర్టర్ పెడితే 420 ఎఫ్/5.6 అవుతుంది. వెలుతురు ఒక స్టాప్, అంటే సగం, తగ్గుతుంది, ఫోకస్ మాత్రం నమ్మకంగానే పడుతుంది. మా బావగారు మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త తరం కెమెరాకి) మారి 180-600 జూమ్ కొన్నారు. గూళ్లు ఆయన ఫొటోల్లోనే పెద్దగా వచ్చాయి. కానీ ఎండెక్కేసరికి ఆయనే, "ఏమోయ్, నీ లెన్స్ ఓసారి ఇటివ్వు, నా చెయ్యి లాగేస్తోంది" అన్నారు. "తీసుకోండి బావా" అని ఇచ్చాను. ఆ తర్వాత చెట్టు నీడన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పి షుగర్ మాత్రల గురించీ, విదేశాల్లో ఉన్న మనవల గురించీ మాట్లాడుకున్నాం. ఆయనకి కాటరాక్ట్ ఆపరేషన్ అయ్యాక నా వ్యూఫైండర్లో అంతా మసకగా కనిపించింది. డీ500లో వ్యూఫైండర్ పక్కనున్న చిన్న నాబ్‌ని బయటికి లాగి తిప్పితే చూపుకి తగ్గట్టు సర్దుకుంటుంది. మన వయసువాళ్లు కొత్త కెమెరా కొనగానే ముందు చేసుకోవలసిన పని ఇదే.

దగ్గరి ఫొటోలకి ఇంత బాగా పనికొస్తుందని కొనేటప్పుడు అనుకోలేదు. 1.4 మీటర్ల దూరంలో ఫోకస్ అవుతుంది. అప్పుడు డీ500 ఫ్రేములో పట్టే వెడల్పు దాదాపు పది సెంటీమీటర్లు మాత్రమే, కాబట్టి తూనీగ ఫ్రేములో సగానికి పైగా నిండుతుంది. పళ్ళికరణై చిత్తడి అంచున గడ్డి మీద వాలిన తూనీగని బెదరగొట్టకుండా, నేలమీద కూర్చోకుండా, నిలబడే తీస్తున్నాను. మోకాళ్లకి ఇది పెద్ద ఊరట.

చెన్నై గాలి గురించి చెప్పకుండా ఏ లెన్స్ సమీక్షా పూర్తి కాదు. సముద్రపు తేమకి బీరువాలో పెట్టిన లెన్స్‌కి లోపల బూజు పట్టేస్తుంది. నేను డ్రై క్యాబినెట్‌లో తేమ 40, 50 శాతం మధ్య ఉంచుతున్నాను. నా లెన్స్ లోపలి గాజు ఇప్పటికీ శుభ్రంగా ఉంది.

మరీ పాతది కాని నికాన్ ఎఫ్ మౌంట్ (డీ500 లాంటి అద్దం ఉన్న కెమెరాల లెన్స్ బిగింపు) డిజిటల్ కెమెరా ఉన్నవారికి సెకండ్ హ్యాండ్‌లో ఇది మంచి కొనుగోలు. నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ కెమెరాలకి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. పాత ఫిల్మ్ కెమెరాలకీ, డీ90, డీ200 లాంటి పాత డిజిటల్ కెమెరాలకీ వద్దు, వాటిలో అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మార్చడం కుదరదు. తొలి విడతల లెన్సులు డీ800, డీ810 కెమెరాల మీద వణుకు తగ్గించే వీఆర్ వేసి 1/125 సెకను షట్టర్ వేగం దగ్గర తీస్తే కొంచెం మసకగా తీసేవి. దానికి నికాన్ ఫర్మ్‌వేర్ (లెన్స్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చింది, మీరు కొనేదానికి అది చేయించారో లేదో అడగండి. ట్రైపాడ్ కాలర్ లెన్స్‌తో పాటు రాదు, విడిగా కొనాలి. నేను కొనలేదు, అవసరమూ పడలేదు. డబ్బు ఇచ్చే ముందు ఫోన్ టార్చ్ వేసి గాజు లోపల బూజు దారాలు ఉన్నాయేమో రెండు వైపుల నుంచీ చూసుకోండి.